ళ పలకని గొంతు

లిఫ్టు మెకానిక్కు మీద ఆ నెలలో రెండు పనులు పడ్డాయి. ఒకటి, అలిగి కూడా కాదు, నెమ్మదిగా చెప్పి మరీ వెళ్ళిపోయిన భార్యని ఇంటికి తెచ్చుకోవడం. రెండోది, ఆ భార్య ఉద్యోగం చేసే మేడలో లిఫ్టుకున్న పాత గొంతు పీకేసి కొత్తది బిగించడం. మొదటి పని అతనికి ఎవరూ పురమాయించలేదు. రెండోదాని కోసం సూపర్వైజరు పొద్దున్నే ఫోను చేసి నిద్ర లేపుతున్నాడు.

"ఆ మేడ పని ఏమైందయ్యా?"

"పార్టు రావాలండి."

"పార్టు వచ్చి నీ సంచీలో నిద్రపోతోందట. స్టోరు వాళ్ళు చెప్పారు."

"రేపు చేసేస్తానండి."

"నీ రేపులన్నీ పోగేస్తే నేను రిటైరైపోతాను."

పార్టు నిజంగానే సంచీలో ఉంది. అరచేయంత బోర్డు, సీలు విప్పని అట్టపెట్టెలో. పాత బోర్డు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. మేడ ఓనరుకి లిఫ్టులో రంగుల తెర పెట్టాలని బుద్ధి పుట్టింది. తెరతో పాటు గొంతు కూడా మారుతుంది, అంతే సంగతి. అందరికీ అది గోడకి సున్నం మార్చడం లాంటిది. అతనికి మాత్రం చెయ్యి రావడం లేదు. ఎందుకంటే ఆ లిఫ్టులో మాట్లాడేది డిప్పమ్మ.

డిప్పమ్మ అంటే పిల్లల బొమ్మల సీరియల్లో తాబేలు పిల్ల. దాని డిప్ప ఒంటికి రెండు సైజులు పెద్దది. నడుస్తుంటే లోపల గిన్నెలో చెంచాలాగా లొడలొడలాడుతుంది. ఎక్కడికి బయల్దేరినా ఆలస్యమే. పందెం ముగిశాక వస్తుంది, వాన వెలిశాక గొడుగేసుకుని వస్తుంది, అందరూ కేకు తినేసి మూతులు తుడుచుకున్నాక వస్తుంది. వచ్చి, ఖాళీ కుర్చీల వంక ఓసారి చూసి, "అయిపోయిందా? పోనీలే, నేనొచ్చేశాగా" అంటుంది. అక్కడే చతికిలబడి, మిగిలిన రంగు కాగితాలతోనో పగిలిన బుడగతోనో ఆడుకుంటుంది. చివర్లో "వెల్లొస్తా" అని వెనక్కి తిరుగుతుంది. ఆ గొంతు ఇచ్చినావిడకి ళ పలకదు. నీల్లు, పెల్లి, గోల్లు, వెల్లొస్తా. పిల్లలకి మాటలు నేర్పే సీరియల్లో అలాంటి గొంతుని ఎలా ఒప్పుకున్నారో తెలీదు. ఒప్పుకున్నందుకు అతను మనసులోనే వాళ్ళకి దణ్ణం పెట్టుకున్నాడు.

మొదటిసారి చూసింది పంటి డాక్టరు దగ్గర, గోడ మీది టీవీలో. తన పేరు పిలిచారు. వెనకున్న పెద్దాయన్ని ముందు వెళ్ళమన్నాడు. మళ్ళీ పిలిచారు, ఇంకొకావిడని పంపించాడు. పన్ను నొప్పి అంతా డిప్పమ్మ గొడుగు కిందికి వెళ్ళిపోయినట్టుంది. అప్పటికి అతనికి ముప్పై దాటి చాలా రోజులైంది.

ఏం నచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పలేడు. అతని ఉద్యోగంలో ముందు వెళ్ళడం అంటూ ఉండదు. లిఫ్టు ఆగిపోయాకే పిలుస్తారు. అతను చేరేసరికి ఇరుక్కున్నవాళ్ళు ఎలాగో బయటపడి, తిట్లన్నీ అతని కోసం భద్రంగా దాచి ఉంచుతారు. తల దించుకుని, స్క్రూలు విప్పి, తల దించుకునే వెనక్కి వస్తాడు. ఆ గుమ్మంలో నిలబడి "పోనీలే, నేనొచ్చేశాగా" అనగల మొహం ఈ లోకంలో ఒక్క తాబేలుకే ఉందని అతనికి అనిపించేది.

ఇదంతా భార్యకి చెప్పలేదు. పిల్లలు లేని ఇంట్లో పిల్లల బొమ్మలు మోగుతుంటే లోకం ఒక్క లెక్కే కడుతుంది. పక్కవాటా ఆవిడ ఓసారి కిటికీలోంచి చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని "పాపం" అంది. ఆ పాపం ఎవరి ఖాతాలోదో అతనికి వెంటనే అర్థమైంది. మర్నాటి నించీ టీ గ్లాసు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని చూడ్డం మొదలుపెట్టాడు. ఆ బొమ్మల పాట చెవినపడితే భార్యకి మనసు చివుక్కుమంటుందని, ఆమె కోసమే వేస్తున్నానని అనుకున్నాడు. ఆ దయ అడుగున సిగ్గు ఉందని తెలుసు. సిగ్గు అడుగున ఇంకేదో ఉందని కూడా అనుమానం. లిఫ్టు గుంతలోకైతే టార్చి పట్టుకుని ఎన్నిసార్లయినా దిగుతాడు గానీ, ఇలాంటివాటిలోకి దిగడం అతనికి చేతకాదు.

కొన్నాళ్ళకి సీరియల్లో గొంతు మారింది. కొత్తావిడ ళలన్నీ నోరారా పలుకుతుంది. పాత భాగాలు ఎక్కడ వెతికినా దొరకలేదు. పిల్లల సామాను కదా, ఎవరు దాస్తారు? ఆ రోజుల్లోనే ఓసారి ఈ మేడకి సర్వీసింగుకి వచ్చి, గ్రీజు చేతులతో లోపల నిలబడి ఉండగా, నెత్తి మీంచి వినబడింది: "పైకి వెలుతోంది."

వెలుతోంది. అతను అలాగే ఆరో అంతస్తు దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, మళ్ళీ వెళ్ళాడు.

అప్పట్నించీ ఆ మేడ సర్వీసింగు ఇంకెవరికీ పోనివ్వలేదు. అతనికి విచిత్రంగా ఉండేదేమిటంటే, ఇంట్లో తలుపు వేసుకుని వినాల్సిన గొంతు ఇక్కడ టై కట్టుకున్న మనుషులకి ఆజ్ఞలిస్తోంది. "బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి" అంటే ఎంత పెద్ద ఆఫీసరైనా నోరు మూసుకుని దిగాల్సిందే. ఒక్కడూ నవ్వడు. నాలుగో అంతస్తులో కొరియరు ఆఫీసులో ఫోన్లెత్తే అతని భార్య కూడా రోజూ ఆ గొంతు మాట విని ఎక్కుతోంది, దిగుతోంది. ఇంట్లో కుదరని పరిచయమేదో తనకి తెలీకుండానే ఇక్కడ జరుగుతోందని అతనికి ఓ పిచ్చి తృప్తి.

అలా ఉండగానే ఆమె అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

సెలవు రోజు చూసుకుని వెళ్ళాడు. తోడల్లుడు సోఫాలో కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు.

"రా తమ్ముడూ. ఒక్కడివే వచ్చావా, తాబేలు వెనకాల వస్తోందా?"

"ఊరుకోండి మీరు," అని వదిన మొగుడి కాళ్ళు పక్కకి నెట్టి, "కూర్చో బాబూ, కాఫీ తెస్తాను" అంది.

"తప్పేముంది? నేనూ ఆడవాళ్ళ సీరియళ్ళు చూస్తాను. కనీసం వాటిలో మనుషులుంటారు."

పక్కవాటా ఆవిడ కబురు ఇక్కడిదాకా వచ్చిందన్నమాట అనుకుని, అతను నవ్వి, లోపలి గదిలోకి వెళ్ళాడు. భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అక్క పిల్లల బట్టలు, బావ చొక్కాలు. ఆమెవి రెండే ఉన్నాయి.

"నీకేం తక్కువ చేశాను?" అన్నాడు. దారంతా ఇంకేదో అనాలనుకుని, తీరా గుమ్మంలోకి వచ్చేసరికి నోటికి ఇది వచ్చింది.

"ఏమీ చెయ్యలేదండీ. తాగరు, కొట్టరు, జీతం తెచ్చి చేతిలో పెడతారు. అక్క కూడా అదే అంటోంది."

"మరి?"

"ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. ఒక్కదాన్నే ఉండేటప్పుడు ఎక్కడున్నా ఒకటే. ఇక్కడైతే చప్పుడన్నా ఉంటుంది."

బస్సులో వెనక్కి వస్తుంటే తోచింది. చెప్పడం చేతకానప్పుడు వినిపించొచ్చు కదా. ఆ గొంతు ఎవరిదో ఆమెకి ఒక్కసారి తెలిస్తే, తలుపు వెనకాల తను ఎవరితో కూర్చున్నాడో తెలుస్తుంది. అది పిల్లల కోసం ఏడుపు కాదని తెలుస్తుంది. తెలిస్తే వస్తుంది. ఆలోచిస్తున్నకొద్దీ ఇది ఎంత బలహీనమైన తాడో అతనికే కనబడుతోంది. అయినా వేలాడ్డానికి ఇంకో తాడు లేదు. గొంతు మార్చక ముందే జరగాలి.

మర్నాడు భోజనాల వేళ, కింది అంతస్తులో లిఫ్టు ఆపి పెట్టుకుని ఫోను చేశాడు.

"ఓసారి కిందికి వస్తావా? లిఫ్టులో ఒక మాట చెప్పాలి."

"లిఫ్టులోనా?"

"అందులోనే చెప్పాలి."

"ఎక్కడా చెప్పనివారు. సరే, లిఫ్టులోనైనా చెప్పండి" అంది.

మెట్లు దిగి వచ్చింది. చెవికి పెట్టుకునే ఫోను తీగ ఇంకా మెడలోనే ఉంది. ఇద్దరూ ఎక్కారు. అతను ఆరో నంబరు నొక్కాడు. తలుపులు మూసుకున్నాయి. నెత్తి మీద గొంతు తన మాట తను అంది.

"విన్నావా?"

"ఏది?"

"ఆ గొంతు. ఇవాళ తీసేస్తున్నాను. తీసేలోపు నీకు చెప్పాలని... అది డిప్పమ్మ గొంతు. పాత డిప్పమ్మ. కొత్తావిడ కాదు."

నవ్వుతుందని భయపడ్డాడు. ఆమె నవ్వలేదు. అంతస్తుల నంబర్లు మారుతుంటే వాటినే చూస్తూ నిలబడింది.

"కాదండీ," అంది చివరికి.

"నీకెలా తెలుసు? నువ్వెప్పుడు విన్నావని?"

"ఎప్పుడు వినలేదో అడగండి. మీరు తలుపేసుకుంటే నేను వంటింట్లో గిన్నెలు తోమడం ఆపేదాన్ని, చప్పుడవకుండా. కేకు అయిపోయాక ఖాళీ పళ్ళెంలో మొహం చూసుకుంటుంది చూడండి, ఆ రోజు నవ్వాపుకోలేక నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. మీరు లోపల నవ్వుతున్నారు, నేను బయట."

అతను సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ అనిపించింది, ఇది ఆవిడేనేమోనని. పనిలేకుండా పైకీ కిందికీ తిరిగాను. కాదు. ఆవిడకి ళ రాదు కదా."

"దీనికీ రాదు. వెలుతోంది అంటుంది."

"సరిగ్గా వినండి. రోజంతా ఫోన్లో ఊళ్ళ పేర్లు రాసుకునేదాన్ని, నా చెవి తప్పదు."

ఆరో అంతస్తులో తలుపులు తెరుచుకుని, ఎవరూ ఎక్కక మళ్ళీ మూసుకున్నాయి. ఆమె చెయ్యి చాచి కింది బొత్తాం నొక్కింది. ఇద్దరూ తలెత్తి గొంతు వచ్చే చిల్లుల రేకు వైపు చూశారు.

"కిందికి వెళుతోంది."

నాలిక వెనక్కి మడత పడి, అంగిలికి తగిలి, విడిపడిన చప్పుడు. బడిలో పలికించినంత శుభ్రమైన ళ. అది ఈ రోజు కొత్తగా వచ్చింది కాదు, మొదటినించీ అక్కడే ఉంది. ఇన్నేళ్ళూ ప్రతిసారీ దాన్ని తన చెవే చెరిపేసి ల రాసుకుందని అతనికి తెలిసింది. ఇంకా ఏమేం చెరిపి రాసుకున్నాడో, ఆ వేగంలో, ఆ ఇరుకులో, ఆలోచించడానికి భయమేసింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఒక్క రోజు రమ్మంటారేమోనని చూశాను. పిలవనిదే ఎలా వస్తాను? అది మీరు ఒక్కరే చూసుకోవాల్సిందేమో అనుకున్నాను."

"నీకు బాధ కలుగుతుందని వేశాను తలుపు."

"అడిగారా?"

అడగలేదు.

"ఇంటికి రా," అన్నాడు. దాచుకున్న మాట ఇదొక్కటే. "ఇంక తలుపు వెయ్యను."

ఆమె మెడలోని తీగ వేలికి చుట్టుకుని, విప్పింది. "ఇప్పుడు తలుపు సంగతి కాదండీ. ఆ తలుపవతల నిలబడ్డం నేను మానేసి చాలా కాలమైంది. నేను మానేశానని కూడా మీకు తెలీలేదు." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను దాన్నే పట్టుకుని వేలాడేవాడు.

కింది అంతస్తు వచ్చింది. తలుపులు తెరుచుకునేసరికి భోజనాలు చేసొచ్చిన గుమాస్తాల గుంపు తోసుకుంటూ లోపలికి వచ్చింది. అతను వెనక గోడకి నొక్కుకుపోయాడు. ఆమె గుమ్మం పక్కన ఓ మూలకి జరిగింది.

"బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి."

"ఒరే లావూ, నువ్వు దిగు. నువ్వు దిగితే ముగ్గురు దిగినట్టు."

"నేనెందుకు దిగుతాను? ఆఖర్న ఎక్కింది నువ్వు."

"మెకానిక్కు గారి సంచీ దించండయ్యా, ఇనుమంతా అందులోనే ఉంది."

"దయచేసి ఒకరు దిగండి."

వాళ్ళు నవ్వుకుంటూ ఒకర్నొకరు గిల్లుకుంటూ ఉండగా ఆమె బయటికి అడుగేసింది. "మీరు వెళ్ళండి, నేను మెట్లెక్కుతాను" అంది గుంపుతో. తర్వాత భుజాల మీదుగా లోపలికి చూసి, అతనితో, "వెళ్తానండీ" అంది.

పెళ్ళైన దగ్గర్నించీ గడప దాటిన ప్రతిసారీ, కూరలకి వెళ్ళినా, అక్క ఇంటికి వెళ్ళిపోయిన రోజున కూడా, ఆమె వెళ్ళొస్తానండీ అనేది. ఈసారి వెళ్తానండీ అంది. చెవి ఏమీ చెరపలేదు. ప్రతి అక్షరం స్పష్టంగా వినబడింది.

అతను ముందుకి రాబోయాడు. మధ్యలో లావుపాటి గుమాస్తా, టిఫిను డబ్బాలు, మోచేతులు. లిఫ్టు ఇప్పుడు బరువు సరిపోయిందనుకుని తలుపులు మూసేసింది.

భోజనాల హడావుడి తగ్గాక లిఫ్టు ఆపి, రేకు విప్పి, పాత బోర్డు తీశాడు. వెనక వైపు ఏదైనా పేరు ఉందేమోనని ఒకప్పుడైతే చూసేవాడు. చూడకుండా తుక్కు డబ్బాలో వేశాడు. కొత్తది బిగించి, తెర వెలిగించి, పరీక్ష కోసం ఇనప దిమ్మలు ఒక్కొక్కటే మోసుకొచ్చి లోపల పేర్చాడు. చివరి దిమ్మ పెట్టగానే ఓ మగగొంతు, వార్తలు చదివినట్టు, ఒకరు దిగమంది. దిమ్మలు కదల్లేదు. అతను దిగాడు.

నాలుగో అంతస్తు మెట్ల వైపు ఓసారి చూశాడు. పైనించి ఫోను మోగడం వినబడింది, ఎవరో ఎత్తారు, ఆగిపోయింది.

గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి, తెర మీది రంగుల వంక మెచ్చుకోలుగా చూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

ఆ మాటకి డిప్పమ్మ జవాబు అతనికి కంఠతా వచ్చు. ఏళ్ళ తరబడి రోజూ విన్నదే. అది గొంతు దాకా వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాడు.

"అయిపోయింది," అని, వంగి, దిమ్మలు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టాడు.