బంగిల్ రాళ్లు

మాడుగుల కొండల్లో ఘాటు రోడ్డు వేస్తున్న రోజుల్లో ఓవర్సీరు భాస్కరరావు పొద్దున్నే గుర్రం మీద వచ్చి, కట్టిన ప్రతి గోడనీ బెత్తంతో తట్టి "బంగిల్" అనేవాడు. అక్కడెవరికీ ఇంగ్లీషు రాదు. దూరడానికి చెవి దొరకని మాట కిందపడి రాయైపోతుంది గనక, ఆయన వెళ్లేసరికి గుర్రం కాళ్ల దగ్గర నాలుగైదు నల్లరాళ్లుండేవి. బంగిల్ అంటే బంగళా అనుకున్నారు కూలీలు. వాటిని ఏరి, ఆయన బంగళా కట్టుకోబోయే చోట పోగేశారు.

కూలీల్లో సోంబరు అనేవాడు కట్టిన గోడలో చీమ దూరే సందుండదు. అదే భాస్కరరావుకు గిట్టలేదు. రెండో మలుపులో గోడ రెండుసార్లు విప్పించి కట్టించాడు. మూడోసారి జోరువానలో, కింది వరసనుంచి పీకమన్నాడు. కూడదని సోంబరు చెబుతూనే ఉన్నాడు. గోడ అతని మీదే పడింది. తప్పు చచ్చినవాడిదేనని కాగితంలో రాశారు. పని చెడగొట్టి చచ్చినవాడికి ఊళ్లో గుర్తుగా రాయి నిలపరు. మొగుడి పేరున రాయి లేదన్న కసి అతని పెళ్లాం గంగను నిద్రపోనివ్వలేదు.

ఆమె తిన్నగా భాస్కరరావు దగ్గరికే వెళ్లింది.

"బంగిలంటే ఏటి బాబూ?"

ఆయనకు సరదా వేసింది. చేతకాక చెడగొట్టడం బంగిల్, చెడిన పనీ బంగిలే, చివర ఒక అక్షరం చేరిస్తే చెడగొట్టినవాడు బంగ్లర్ అని వ్యాకరణం కూడా చెప్పాడు. "నీ మొగుడు చేసింది అదే."

ఈసారి ఆ మాట కింద పడలేదు. గంగ చెవిలోంచి కడుపులోకి దిగి మండుతూ కూర్చుంది.

బంగళా పనికి అందరికంటే ముందు తనే వచ్చింది. ఆ నల్లరాళ్లు ఒక్కటీ వదలకుండా, తాడు పట్టి, మొగుడు నేర్పినట్టే పేర్చింది. ఇంత తీరైన గోడ చూడలేదని ఆయన మెచ్చుకుంటే తల వంచుకుని నవ్వుకుంది.

కొత్త బంగళాలో భోజనానికి పై అధికారి తెల్లదొర వచ్చాడు. ప్రతి రాయీ తన చలవేనని భాస్కరరావు ఛాతీ విరిచాడు. నిజమే మరి. రాళ్లు తమకు తెలిసిన పనే చేశాయి. తలుపు బిగుసుకుంది, కిటికీ ఒరిగింది, గోడ మెల్లగా వంగి దొర పళ్లెంలో పడింది. దొర మీసాలు దులుపుకుని "బంగ్లర్" అన్నాడు. అర్థమైనవాడు ఎదురుగానే ఉన్నాడు గనక అది రాయి కాలేదు.

తిరిగి వెళుతూ దొర మొదటి మలుపులో సోంబరు కట్టిన గోడను బూటుతో తన్ని చూశాడు. కదల్లేదు. కట్టిందెవరో అడిగి, ఆ చావు కాగితం తెప్పించి, తప్పు ఎవరిదన్న చోట సోంబరు పేరు కొట్టేసి భాస్కరరావు పేరు రాశాడు. దాంతో ఉద్యోగం పోయింది.

పెట్టె సర్దుకుని కొండ దిగుతున్నవాడు గంగను చూసి ఆగాడు. "నీ చేతులే కదే నా కొంప ముంచాయి."

"నా సేతులదేటుంది బాబూ. మీ మాటలే మీకు కట్టినాను."

ఆయన ఇంగ్లీషులో ఏదో తిట్టాడు. చిన్న రాయి ఒకటి రాలింది. గంగ దాన్ని కాలితో లోయలోకి నెట్టి, సోంబరుకు రాయి నిలపడానికి ఊళ్లోకి నడిచింది.