అడ్మినక్క తీసేసిన వీడియో

లిఫ్టు మెకానిక్ భార్య కొట్టులోకి వస్తూనే అడ్మినక్క జుట్టు పట్టుకుంది. కుర్చీలోంచి లేవనివ్వలేదు, ఏమిటని అడగనివ్వలేదు. తల వెనక్కి లాగి రెండుసార్లు మిషను బల్లకేసి కొట్టింది. కుడుతున్న తెల్ల యూనిఫారం మీద నెత్తురు బొట్లు పడ్డాయి.

"నా వీడియో తీసేసింది నువ్వేనా? చెప్పవే! నువ్వేనా?"

అడ్మినక్క అసలు పని బట్టలు కుట్టడం. ఆ కాలనీలో ఉన్న ఆరు బిల్డింగుల్లో సగం మంది పాంట్లు పొట్టి చేసేదీ, లూజు చేసేదీ ఆవిడే. పేరు మాత్రం ఆవిడ అడ్మిన్‌గా నడిపే ఫోను గ్రూపు వల్ల వచ్చింది. రెండు వేల మంది ఉన్న గ్రూపు. నీళ్ళు రాలేదన్న ఏడుపులూ, పార్కింగు తగాదాలూ, ఎవరి కుక్క ఎవరి గుమ్మం పాడుచేసిందన్న పంచాయితీలూ అన్నీ అందులోనే. నాలుగేళ్ళుగా ఆవిడ దాన్ని తన వసారా ఊడ్చుకున్నట్టు ఊడుస్తోంది. బూతు కనపడితే తీసేస్తుంది. మాటకి మాట పెరిగితే ఇద్దర్నీ వారం రోజులు బయట కూచోబెడుతుంది. "నా గ్రూపులో నోరు జారినవాడికి నోరే ఉండదు" అని నవ్వుతుంది. విన్నవాళ్ళూ నవ్వుతారు, కొంచెం భయంభయంగానే.

పోయినేడు ఎవరో లారీ కింద పడ్డ కుక్క ఫొటో పెడితే పిల్లలు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ నెత్తురు కనపడేవి పెట్టకూడదని రూలు చేసింది. అలాంటిదొస్తే ఫోనే దాన్ని మసకచేసి చూపిస్తుంది. మసక కనపడగానే అడ్మినక్క బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి తీసేస్తుంది. తెరిచి చూడదు. కాళ్ళు పెడలు మీద, ఒక చెయ్యి గుడ్డ మీద ఉన్న మనిషి అంతకన్నా ఏం చూస్తుంది? పొద్దున పదింటికి వచ్చిన మసకనీ అలాగే తీసిపారేసి, కాలరు కుట్టుకుంది.

"రక్తం ఉన్నవి పెట్టకూడదు కదమ్మా," అంది ఇప్పుడు, ముక్కు చేత్తో పట్టుకుని.

"నా మొగుడి రక్తమే అది! నీ రూలుకి అడ్డమొచ్చిందా? దవడ రెండు ముక్కలైంది. ఇంకా కళ్ళు తెరవలేదు. కొట్టిందెవరో తెలుసా? నీ తమ్ముడు!"

"మావాడా? ఛ, వాడికి కోపం ఉంది గానీ..."

మెకానిక్ భార్య ఆవిడ చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత తన చేతి వంక తానే చూసుకుని, బట్టల మూట మీద కూలబడింది. చెప్పాల్సిందంతా ఏడుస్తూ చెప్పింది. మొగుడికి టిఫిను డబ్బా ఇద్దామని వెళ్ళింది. అడ్మినక్క తమ్ముడు కొడుతుంటే మెట్ల మలుపులోంచి వీడియో తీసింది. గ్రూపులో పెట్టిన మరుక్షణం వాడు చూసి ఫోను లాక్కుని నేలకేసి కొట్టాడు, బూటుతో తొక్కాడు. స్టేషన్లో మాత్రం, మెట్ల మీంచి జారిపడ్డాడనీ, తానే ఆటో ఎక్కించాననీ చెప్పాడు.

"ఎస్సై సాక్ష్యం తెమ్మంటున్నాడు. నా ఫోను పొడైపోయింది. రెండు వేల మంది ఉన్నచోట పెట్టాను, ఎవడో ఒకడు చూస్తాడనుకున్నాను. ఒక్కడు కూడా చూడకుండా చేశావ్." లేచి గుమ్మంలో ఆగింది. "ఆపరేషనుకి తీసుకెళ్తున్నారు. నేను పోవాలి. ఆయనకేమన్నా అయితే నీ తమ్ముడితో పాటు నువ్వూ చంపినట్టే."

తీసేసినవి ఆరుగంటలపాటు చెత్తబుట్టలో ఉంటాయి. ఆ బుట్ట అడ్మిన్ ఒక్కరికే కనిపిస్తుంది. గడియారం మూడుంపావు చూపిస్తోంది. నాలుగింటికి ఆ వీడియో ఎవరికీ దొరకదు.

అడ్మినక్క షట్టరు సగం దించి బుట్ట తెరిచింది.

పంతొమ్మిది సెకన్లు. లిఫ్టు తలుపు తెరిచి ఉంది. మెకానిక్ మోకాళ్ళ మీద ఉన్నాడు. అతని పెద్ద స్పానరుతోనే అతని మొహమ్మీద కొడుతున్నాడు తమ్ముడు. "అన్నా, తీసేస్తానన్నా, ఒక్క నిమిషం" అంటున్నాడు మెకానిక్. మూడో దెబ్బకి ఆ మాట నురగైపోయింది. నాలుగో దెబ్బ పడేసరికి మనిషి పక్కకి ఒరిగాడు. అయిదోది కొట్టాల్సిన పనే లేదు. కొట్టాడు. కొడుతూ, "ఇప్పుడనరా నిమిషమని" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

ఆ నవ్వు ఆవిడకి వాడి పాలపళ్ళప్పట్నుంచీ తెలుసు. తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్ళు. చంకనేసుకుని తిరిగింది, తన పళ్ళెంలో తినిపించింది.

మొగుడికి ఫోను చేసింది. ఆయన బస్సు డ్రైవరు, డిపోలో టీ తాగుతున్నాడు. అంతా విని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నానే. నాలుగింటికి దానంతటదే పోతుందంటున్నావు కదా."

"ఆ."

"మరి నువ్వు చేసేదేముంది? నీ పాటికి నువ్వు కుట్టుకుంటూ కూర్చో. పొద్దున తెలీక తీశావు. అది తప్పా? కాదు. ఇప్పుడు పెడితే మాత్రం నీ చేత్తో వాణ్ణి జైలుకి పంపినట్టు."

"పెట్టకపోతే?"

"నన్నడక్కే," అన్నాడాయన. "బండి తియ్యాలి." పెట్టేశాడు.

మూడున్నరకి తమ్ముడే వచ్చాడు. షట్టరు కింద నుంచి వంగి దూరాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పిడికిలి కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది.

"అక్కా! నువ్వు బంగారానివే. అడక్కుండానే తీసేశావు. నిమిషం పట్టలేదు! నేనెంత ధైర్యంగా ఉన్నానో తెలుసా, మా అక్క ఉంది, అదే చూసుకుంటుందని."

ఇందాకటి చెంపదెబ్బ కంటే ఆ మాట ఎక్కువ మండింది.

"నీకోసం తియ్యలేదురా. చూడకుండా తీశాను."

"ఏదైతేనేం. ఆ ముండని గ్రూపులోంచి తన్నెయ్. ఎవడన్నా మెకానిక్ పేరెత్తితే వాణ్ణీ తన్నెయ్."

"ఎందుకు కొట్టావురా?"

"నా బండి వెనకాల సామాన్లు పరిచాడు. తియ్యరా అంటే నిమిషమాగమంటాడా నాతో?"

"నిమిషానికా!"

"నీ మొహానికేమైంది? అది కొట్టిందా?" అప్పుడు చూశాడు తెరిచి ఉన్న ఫోన్ని. నవ్వు పోయింది. "అదింకా ఉందా? ఇలా తే."

అడ్మినక్క ఫోను వీపు వెనక్కి పెట్టుకుంది. వాడు మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. ఎముక కటుక్కుమంది. ఆవిడ ఇంకో చేత్తో వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టె అందుకుని వాడి ముంజేతికి ఆనించింది. చర్మం చుయ్యిమంది. వాడు జంతువులా అరిచి వదిలేశాడు. ఆ లోపల ఆవిడ ఫోనుతో సహా ట్రయల్ రూములో దూరి గడియ పెట్టుకుంది.

ప్లైవుడ్ తలుపు. మొదటి తన్నుకే మధ్యలో చీలింది.

"అక్కా! తియ్యి! చంపేస్తా నిన్ను కూడా!"

కుడిచెయ్యి వేలాడుతోంది. ఫోను నేలమీద పెట్టి, ఎడమ బొటనవేలితో వెతికింది. ఆ వేలికి అలవాటు లేదు, పక్కకి పోతోంది. రెండో తన్నుకి పై బందు ఊడింది. మూడో తన్నుకి తలుపు ఆవిడ మీద పడింది. పెదవి చిట్లి పన్ను ఊడింది. వాడు చెక్క మీదెక్కి తొక్కుతున్నాడు. కింద నలుగుతూనే ఆవిడ 'తిరిగి పెట్టు' అన్నచోట నొక్కింది. ఈసారి నెత్తుటి రూలు కూడా తీసేసింది. మసక పోయింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత పక్క మంగలి షాపులో ఒక ఫోను గంట కొట్టింది. ఎదురు మందుల షాపులో ఇంకోటి. పై అంతస్తుల్లో వరసగా. ఆ గంటల వెనకే వీధిలో తమ్ముడి గొంతు వినపడింది. ఒక ఫోన్లోంచి, పది ఫోన్లలోంచి, ముందూ వెనకా అవుతూ: "ఇప్పుడనరా నిమిషమని."

తొక్కుతున్న కాలు ఆగింది.

"ఏం చేశావే?" అన్నాడు. వాడి గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "అక్కా, ఏం చేశావు?"

ఆవిడ చెక్క తోసుకుని, షట్టరు కింద నుంచి పాకుతూ వీధిలోకొచ్చింది. మంగలి కత్తి పట్టుకునే పరిగెత్తుకొస్తున్నాడు. వెనక నలుగురైదుగురు. మెట్లు దిగుతున్న చప్పుళ్ళు. వాళ్ళ మొహాలు చూసి ఆవిడ షట్టరు పూర్తిగా కిందకి లాగి, తాళం వేసి, దానికి వీపు ఆనించి కూలబడింది. లోపల తమ్ముడు.

"పోలీసులకి ఫోను చెయ్యి," అంది మంగలితో.

"చేస్తాలే అక్కా, ముందు నువ్వు లే పక్కకి."

"ముందు ఫోను చెయ్యి!"

ఫోను ఆగకుండా మోగుతోంది. దొంగ అడ్మిన్ అన్నారెవరో. ఇన్ని గంటలు దాచిపెట్టిందన్నారు. దాన్నీ లోపలెయ్యాలన్నారు. ఆవిడ ఒక్కొక్కటీ తెరిచి మొత్తం చదివింది. ఏదీ తియ్యలేదు. ఆ కింద ఒకటి వచ్చింది: టైలరు కొట్లో ఉన్నాడు, పెట్రోలు తెండి, షట్టరుతో సహా తగలెడదాం. దాన్ని మాత్రం తీసేసింది.

"చూశారా!" అని అరిచాడు గుంపులో దాన్ని రాసినవాడు, ఫోను పైకెత్తి. "మళ్ళీ తీసేస్తోంది! తమ్ముడి కోసం నా నోరు మూస్తోంది!"

రాయి వచ్చి భుజమ్మీద తగిలింది. రెండోది షట్టరుకి తగిలి దడేలుమంది. లోపల వాడు కేకపెట్టి, కాలిన చేత్తో రేకుని బాదడం మొదలెట్టాడు.

"అక్కా, తియ్యి! అక్కా!"

"తియ్యవే!" అంటున్నారు బయట.

ఒక్కో దెబ్బకీ రేకు వీపులోకి దిగుతోంది. తాళంచెవి ఎడమ పిడికిట్లో గుచ్చుకుంటోంది. అడ్మినక్క నోట్లో నెత్తురు ఊసి, కాళ్ళు చాపి మడమలు నేలకి తన్నిపెట్టింది.

"పోలీసు జీపొచ్చాక తీస్తాను," అంది. "వాడికీ చెబుతున్నా, మీకూ చెబుతున్నా. జీపొచ్చాకే."

మూడో రాయి నుదుటికి తగిలింది. ఆవిడ కదల్లేదు.