సోఫా వెనక అల్లుడు

కాలింగ్ బెల్ మోగిందంటే మెకానిక్ ఇంట్లో ఎవరి పని వాళ్ళకు తెలుసు. భార్య టీవీ ఆపేసి వంటింట్లోకి తప్పుకుంటుంది. మెకానిక్ సోఫా వెనక్కి దూరుతాడు. అత్తగారికి చెవుడు కాబట్టి ఆవిడ గదిలో ఆవిడుంటుంది. వచ్చినవాడు కాసేపు నిలబడి వెళ్ళిపోతాడు.

పనిచేసే వర్క్‌షాపు మూతపడ్డాక ఇంటి అప్పు వాయిదాలు ఆగిపోయాయి. అక్కడా ఇక్కడా దొరికే రిపేర్లు తిండికే బొటాబొటి. బ్యాంకు ఫోనెత్తడు, తలుపు తీయడు. అరచేతిని అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపలేమని అతనికి తెలియక కాదు. ఇంజను మూలుగుతున్నా తోలి తోలి, పూర్తిగా పాడయ్యాక బండి తెచ్చేవాళ్ళను "ముందే తెస్తే ఏం పోయింది?" అని చెడామడా తిట్టేవాడు. తన ఇంటి దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధి గడ్డి తింది.

ఇల్లు వేలంలో పోతుందన్నది ఒక భయం. దానికంటే ముందు, తలుపుకు నోటీసు అంటిస్తే పక్కింటి కాంట్రాక్టరు చూస్తాడన్నది ఇంకో భయం. కొత్త గేటు పెట్టించుకున్న మనిషి! రోజూ "ఏం బావా" అని పలకరించేవాడు, ఈమధ్య తల తిప్పుకుని పోతున్నాడు. తన సంగతి అప్పుడే పసిగట్టాడేమోనని మెకానిక్ అనుమానం.

ఆ రోజు బెల్ మోగేసరికి అత్తగారు హాల్లోనే ఉంది. బెల్ వినపడలేదు గాని కిటికీలోంచి మనిషి కనపడ్డాడు. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టడం ఆవిడ వల్ల కాని పని. తలుపు తీసి, సరిగ్గా ఆ సోఫాలోనే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"బ్యాంకు నుంచొచ్చానమ్మా."

"ఆఁ?"

"బ్యాంకమ్మా! ఇంటి అప్పు!" అని అతను గొంతు పెంచాడు. సోఫా వెనక మెకానిక్ ఇంకాస్త ముడుచుకున్నాడు. వీధంతా వినపడే గొంతు అది.

"కాస్త గట్టిగా చెప్పు బాబూ."

"ఇల్లు లాక్కోవడానికి రాలేదమ్మా! వేలం వేస్తే మాకూ నష్టమే! గడువు పెంచితే నెల వాయిదా తగ్గుతుంది! అదీ కట్టలేమంటే వేలందాకా రానివ్వకుండా మీరే అమ్ముకోవచ్చు, అప్పు పోను మిగిలింది మీకే! కానీ ఆయనొచ్చి అడగాలి! ఈ నెల దాటితే నా చేతుల్లో ఉండదు! ఎన్నిసార్లొచ్చినా తలుపే తీయరు!"

అత్తగారు అంతా విని తల ఊపింది. "అల్లుడుగారు నీ వెనకే ఉన్నారు బాబూ. పాపం ఆయనకు మోకాళ్ళ నొప్పి. లేవమను."

మెకానిక్ సోఫా పట్టుకుని లేచాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బ్యాంకతను నవ్వలేదు, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"తగ్గించినా కట్టగలనో లేదోనండీ" అన్నాడు మెకానిక్.

వంటింట్లోంచి వచ్చిన భార్య ఆ మాట తల్లి చెవిలో అరిచింది.

"నా గది అద్దెకిచ్చెయ్యండి. నాకీ హాలు చాలు. వచ్చేపోయేవాళ్ళన్నా కనపడతారు" అంది అత్తగారు.

మెకానిక్ కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ తన పరువు కోసం దాక్కున్నాడు గాని, పక్క గదిలో ఉన్న ఈవిణ్ణి ఒక్క మాట అడగలేదు. గడువు పెంచమనే దరఖాస్తు మీద అక్కడే సంతకం చేసి, బ్యాంకతన్ని సాగనంపడానికి బయటికొచ్చాడు.

గోడ అవతల కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు.

"అంతా వినపడింది బావా" అన్నాడు కాంట్రాక్టరు. స్కూటరెక్కుతున్న బ్యాంకతని వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆయన మా ఇంటికీ వస్తున్నాడు. మాకు తలుపు తీసే అత్తగారు లేదు."

మెకానిక్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత గేటు తీసుకుని, "ఏవండీ, ఒక్క నిమిషం!" అని స్కూటరు వెనక పరుగెత్తాడు.