బాల్ట్స్ గొంతుకు వదిలిన చోటు

బాల్ట్స్ కుండర్ట్ పోయిన మర్నాడు కూడా పాలు వచ్చాయి. ఆవులకు చావేంటి, పెళ్ళేంటి! అతని భార్య వెరేనా కళ్ళు తుడుచుకుని రాగి గంగాళం కింద మంట పెట్టింది. న్యూ లింతాల్‌లో చీజ్ తీసే ఇళ్ళల్లో అంతే, మొగుడు పోయిన ఏడుపైనా పని చేస్తూనే ఏడవాలి. ఆమె పాలు కలియబెడుతుంటే అన్నయ్య కాస్పర్ టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"రేపు సమాధి దగ్గర పాడతాం వ్రేనీ," అన్నాడు, చెల్లెల్ని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తూ.

"ఎవరు? నువ్వూ, ఆ హెఫ్టీ అన్నదమ్ములూనా?"

"పాటల బృందంలో మేమేగా మిగిలాం."

"మరి పై గొంతు ఎవరు ఎత్తుకుంటారు?"

"ఎవరూ ఎత్తుకోరు. ఎప్పుడూ చేసేదే చేస్తాం."

వెరేనా తెడ్డు ఆపేసి అన్నయ్య మొహంలోకి చూసింది.

ఎప్పుడూ చేసేదేమిటో ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వీళ్ళ తాతలు స్విట్జర్లాండ్‌లో, గ్లారస్ కొండల్లో తిండి దొరక్క ఓడెక్కి విస్కాన్సిన్ వచ్చారు. అడవి కొట్టుకుని ఇళ్ళు కట్టుకున్నారు. చర్చికింకా కప్పు పడకముందే పాటల బృందం మాత్రం పెట్టేసుకున్నారు. వాళ్ళ పిచ్చి అలాంటిది మరి! ఆ బృందంలో ఎవడు పోయినా మిగతావాళ్ళు సమాధి చుట్టూ నిలబడి పాడతారు. పోయినవాడి గొంతు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తారు. ఆ రోజు దాంట్లోకి ఎవరూ దూరకూడదు. పాడుకునే షెడ్డు నిండా మగాళ్ళున్న కాలంలో ఒక గొంతు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్ళకే తెలిసేది. వాళ్ళు తల వంచుకునేవాళ్ళు.

కానీ బాల్ట్స్ సంగతి వేరు. పాటంటే బాల్ట్సే. మిగతావాళ్ళు కింద శ్రుతి పట్టి నిలబడితే, పైన ఎగిరేది అతనొక్కడే.

ఆ ఎగరడం ఎలా మొదలైందో వెరేనాకి ఇవాళ్టికీ ఒళ్ళు జలదరించే కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో, వీళ్ళింట్లో మాట్లాడే జర్మన్ మాట వినబడితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అనుమానంగా చూసేవాళ్ళు. ఆ భాషలో పాడితే లోపలేస్తామని పోలీసు పెద్ద వచ్చి బెదిరించి వెళ్ళాడు. పెద్దలు బిక్కచచ్చిపోయారు. అప్పుడు మీసం కూడా సరిగ్గా రాని బాల్ట్స్, "మాటలు మానేద్దాం, పాట మానొద్దు," అన్నాడు. కొండల్లో పశువుల కాపర్లు పాడే ఉత్త యోడెల్. మాటలేం ఉండవు. గుండెలోంచి లేచిన గొంతు ఒక్క గెంతులో తల మీదికెక్కి అక్కడ నిలబడుతుంది. పోలీసు పెద్ద మళ్ళీ వచ్చాడు. షెడ్డు తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నాడు. పట్టుకోవడానికి ఒక్క మాటా దొరకలేదు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు కిటికీ బయటినుంచి విన్న వెరేనా, పెళ్ళంటూ చేసుకుంటే ఈ గొంతునే అనుకుంది. అనుకున్నట్టే చేసుకుంది కూడా.

"అన్నయ్యా, నీకేమైనా మతి పోయిందా?" అంది ఇప్పుడు. "పాటే లేకుండా కింది శ్రుతి పాడతారా? ముగ్గురు ముసలాళ్ళు సమాధి పక్కన ఆవుల్లా అంబా అంటుంటే జనం నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ."

"నీకేం, నువ్వు బాగానే అంటావు! నవ్వులపాలయ్యేది నా మొగుడు."

అప్పుడే కూతురు సలోమే లోపలికొచ్చింది. రేడియోవాళ్ళు ఆమధ్య బాల్ట్స్ ఒంటిగా పాడింది రికార్డు చేసి ఇచ్చిన డిస్కుంది, చేత్తో తిప్పే గ్రామఫోనూ ఉంది. "నాన్న గొంతే వినిపిద్దాం మామయ్యా, గొడవే ఉండదు," అంది.

కాస్పర్ మొహం జేవురించింది. "పోయినవాడు పోయాడే అమ్మా. వాడు లేడన్న సంగతి పాటక్కూడా తెలియాలి. మిషన్ పెట్టి దాన్ని కూడా మోసం చేస్తావా?"

"పాట సంగతి నాకెందుకు?" వెరేనా తెడ్డు పక్కన పడేసింది. "నాకు ఆయన కావాలి. ఒక్కసారి వినాలి. మట్టి కప్పేముందు ఒక్కసారి."

కాస్పర్ టోపీ నలిపాడు. "ముందు మమ్మల్ని పాడనీ వ్రేనీ. నవ్వులాటగా ఉందనిపిస్తే చెయ్యెత్తు. మేం ఆపేస్తాం, సలోమే మిషన్ పెడుతుంది," అన్నాడు. వెరేనా సరేనంది. ఎత్తడం ఖాయమని లోపల్లోపల అనుకుంది.

మర్నాడు కొండమీది సమాధుల దగ్గర గాలి కోసేస్తోంది. ఊరంతా వచ్చింది. పక్క ఊరి నార్వేవాళ్ళూ వచ్చారు. పాదిరి ప్రార్థన ముగించి పక్కకి తప్పుకున్నాక ముగ్గురూ జేబుల్లో చేతులు పెట్టుకుని, బాల్ట్స్ నిలబడే చోటు వదిలి, అర్ధచంద్రంలా నిలబడ్డారు. సలోమే గ్రామఫోన్ సూది పట్టుకుని తల్లినే చూస్తోంది.

శ్రుతి మొదలైంది. అయ్యో, ఎంత దీనంగా ఉందో! పెద్ద హెఫ్టీ గొంతు వణికింది. కింద ఏదో మూలుగులా సాగుతోందే తప్ప అది పాటని ఎవరంటారు? వెనకెవరో కిసుక్కుమన్నారు. వెరేనా చెవులు వేడెక్కిపోయాయి. సిగ్గుతో, కోపంతో చెయ్యి సగం లేచింది.

సరిగ్గా అప్పుడే ముగ్గురూ బాల్ట్స్ ఎగిరే చోటికి వచ్చారు.

గొంతులు ఒక్కసారిగా సన్నబడ్డాయి. దారి ఇచ్చాయి. ముగ్గురి మొహాలూ పైకి లేచాయి. వాళ్ళే కాదు, కొండమీదున్న ఊరంతా మొహాలు పైకెత్తింది, ఇన్నేళ్ళూ ఆ గొంతు ఎంత ఎత్తుకి వెళ్ళేదో అంత ఎత్తుకి! కిసుక్కుమన్నవాళ్ళ నోరు తెరుచుకునే ఉండిపోయింది. బాల్ట్స్ ఆ పైస్వరాన్ని పట్టుకుంటే ఓ పట్టాన దిగేవాడు కాదు, ఊపిరి చాలక పక్కవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడూ దిగలేదు, ముగ్గురూ ఆ సన్నని శ్రుతినే పట్టుకుని ఆగారు. కాస్పర్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఎవరూ సైగ చెయ్యలేదు, తల ఊపలేదు. అయినా ఒక్క క్షణాన, ఒక్క గొంతుగా, ముగ్గురూ కిందికి దిగారు. బాల్ట్స్ ఎక్కడ దిగేవాడో అక్కడే!

వెరేనా కూడా మొహం పైకెత్తింది. ఇప్పుడు దిగమని వీళ్ళకెవరు చెప్పారు? ఎవర్ని విని దిగారు? గాలి ఆగలేదు, పాట ఆగలేదు, రెండోసారి ఎగిరే చోటు దగ్గరపడుతోంది. సగం లేచిన చెయ్యి గాల్లో అలాగే ఉంది.

సలోమే ఆ చెయ్యి చూసి దగ్గరికి వంగి, "అమ్మా, పెట్టేయనా?" అని గుసగుసలాడింది.

"నోర్ముయ్యవే," అంది వెరేనా, కళ్ళు పైనుంచి దించకుండా. "మీ నాన్న పాడుతున్నాడు."