బావ జుట్టు వయసు

నేను ఒక పరుగు గడియారాన్ని. గడియారం అంటే టైము చెప్పేదేగా అని చప్పరించెయ్యకండి. టైము చెప్పడం నాకు ఎడమచేతి పని. నా అసలు ఉద్యోగం నాడి చూడటం. వీపున పచ్చదీపాలు పెట్టుకుని, మనిషి మణికట్టుకి అతుక్కుని, చర్మం కింద నెత్తురు ఎలా ఉరకలేస్తోందో కనిపెడుతూ ఉంటాను. పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను నీళ్లలో ముంచారు, ఇసుకలో పొర్లించారు, మంచుగడ్డల్లో పడుకోబెట్టారు. మా చెల్లెలొకతి సలసల కాగే నూనెలో పడి కూడా సరైన టైము చెబుతూ పైకి తేలిందట. నేను చూడలేదు. డబ్బాలో పక్కనున్నది చెప్పింది.

తణుకులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న తాతాజీ నన్ను తెప్పించాడు. తనకోసం కాదు, అక్క మొగుడు వీర్రాజు కోసం. వీర్రాజుకి యాభై ఆరేళ్లు, మిఠాయి కొట్టు. పాకం కుదిరిందో లేదో నాలిక మీద వేసుకుని చూడందే తోచని మనిషి. అలా చూసీ చూసీ ఒంట్లోకి షుగరు తెచ్చుకున్నాడు. "పరుగెత్తండి, కానీ ఆయాసం రానంత మెల్లగా" అన్నాడు డాక్టరు. ఆ మెల్లగా అన్నది ఎంతో చెప్పడానికే నేను.

నాకు ముందు వయసు చెప్పాలి. దాన్నిబట్టి ఆ గుండె మహా అయితే ఎంత వేగం తట్టుకోగలదో లెక్కగట్టి, పళ్లెంలో మైసూర్‌పాక్ కోసినట్టు ఐదు జోన్లుగా కోస్తాను. మొదటిది షికారు నడక. రెండోది కబుర్లాడుకుంటూ తీసే పరుగు. అలా పైకి పోతే ఐదోది పిచ్చికుక్క తరిమితే తీసేది. వయసు తప్పు చెప్పారా, కోతంతా తప్పే.

"వయసెంత వెయ్యను బావా? నీదా, నీ జుట్టుదా?" అన్నాడు తాతాజీ.

వంటింట్లోంచి అక్క మంగతాయారు నవ్వింది. వీర్రాజు ప్రతి ఆదివారం తలకి నల్లరంగు పూసుకుంటాడని ఊరంతటికీ తెలుసు.

"నీకు తోచింది తగలెయ్యరా, దరిద్రుడా" అన్నాడు వీర్రాజు. బావమరిదితో వేళాకోళం లేకపోతే ఆయనకి కాఫీ కూడా రుచించదు.

తాతాజీ ఇరవై ఎనిమిది నొక్కాడు. సాయంత్రం సరిచేద్దామనుకున్నాడు. ఈలోగా ఎవరిదో ఫోను బకెట్లో పడిందని కొట్టు నుంచి కబురొచ్చింది. వెళ్లాడు, మర్చిపోయాడు.

ఇక చూడండి నా నిర్వాకం. పొద్దున్నే కాలవగట్టు మీద వీర్రాజు రొప్పుతూ రోజుతూ పరుగెత్తుతుంటే, నేను తాపీగా "రెండో జోన్. తేలిక. వేగం పెంచండి" అని చూపించేదాన్ని. ఆయన పెంచేవాడు. పెంచి, టీ కొట్టు దగ్గర నలుగురికీ చెయ్యెత్తి నన్ను చూపించేవాడు. "కుర్రగుండె అండీ నాది! గడియారమే ఒప్పుకుంది, ఆయ్!"

నా దీపాల కింద ఆ గుండె రోకలి పోటు వేస్తున్నట్టు ఉండేది. నాకు తెలుస్తూనే ఉంది. కానీ కింద కొట్టుకుంటున్నదాన్ని వదిలేసి, పైన రాసిచ్చిన అంకెని నమ్మాను. ఈ గుణం నాకు మనుషుల నుంచే అంటుకుని ఉంటుంది.

ఒకరోజు వీర్రాజు గట్టు మీద కూలబడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చారు. సమయానికి తెచ్చారు, ప్రాణభయం లేదు, కొన్నాళ్లు కదలకుండా ఉంటే చాలన్నాడు డాక్టరు. నర్సు నన్ను విప్పి తాతాజీ చేతిలో పెట్టింది. ఊరికే నొక్కి చూశాడు. ఇరవై ఎనిమిది. అతని వేళ్లు చల్లబడిపోవడం నాకు తెలిసింది. అటూ ఇటూ చూసి, దాన్ని చెరిపి యాభై ఆరు వేశాడు.

అప్పుడే మంగతాయారు వచ్చింది. "నీ గడియారం చేతికి ఉండబట్టే ఈ మాత్రంతో ఆగిందిరా తమ్ముడూ" అని నా అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టింది. తాతాజీ గోడకేసి తిరిగిపోయాడు. నాకు తిరగడానికి గోడ కూడా లేదు.

బావ ఇంటికొచ్చాక తాతాజీ రోజూ వచ్చేవాడు. కుర్చీ అంచున కూర్చునేవాడు. "బావగారూ, మందులు వేసుకున్నారాండీ?" అనేవాడు. బావగారట! అండీ అట! వీర్రాజు బిత్తరపోయాడు. తనే ఎర వేశాడు.

"ఏరా, రంగు లేక నా తల కొబ్బరిపీచులా అయింది, చూశావా?"

"బాగానే ఉందండి."

వీర్రాజు మొహం పాలిపోయింది. గబుక్కున బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. నన్ను మళ్లీ వీర్రాజు చేతికే కట్టారు గనక చెబుతున్నాను, కూర్చున్న చోటే ఆ గుండె పైపైకి ఎక్కేస్తోంది.

"డాక్టరు నీకేం చెప్పాడ్రా? నిజం చెప్పు. నువ్వు నన్ను మీరు అంటున్నావంటే నేనింక బతకనన్నమాటే."

తాతాజీ భోరుమన్నాడు. "డాక్టరేం చెప్పలేదు బావా. నేనే, వేళాకోళానికి నీ వయసు ఇరవై ఎనిమిది వేసి మర్చిపోయాను. ఆసుపత్రిలో దొంగలా మార్చేశాను. నిన్ను చంపబోయింది నేనే."

వీర్రాజు వంటింటి వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు.

"రెండో రోజే చూశాన్రా. మారుద్దామని వేలు కూడా పెట్టాను. ఇరవై ఎనిమిది అని అలా మెరుస్తుంటే మనసొప్పలేదు."

"అయినా వేసింది నేనే కదా బావా."

"వేసింది నువ్వే. ఉంచుకున్నది నేను. మీ అక్కకి మాత్రం చెప్పకు, ఇద్దర్నీ పాకంలో ముంచేస్తుంది."

వేసింది ఒకడు, ఉంచుకున్నది ఒకడు. నమ్మింది నేను. ఆ మాట చెబుదామంటే నాకు నోరు లేదు. నా దీపాల కింద ఆ గుండె మాత్రం మెల్లమెల్లగా దిగుతోంది, మూడో జోన్, రెండు, ఒకటి. ఈసారి నిజంగానే ఒకటి. నాకున్నది ఒక్క వణుకు. వణికాను.

"ఇదేంట్రా, ఊరికే వణుకుతోంది?" అన్నాడు వీర్రాజు.

తాతాజీ కళ్లు తుడుచుకున్నాడు. కుర్చీలో వెనక్కి జారబడి కూర్చున్నాడు.

"నీ అసలు వయసు తెలిసి జడుసుకుంది బావా."