గరిటె ముట్టని పూట

అశోక్‌నగర్‌లోని ఒక హాస్టల్లో మాసమ్మ వంట మనిషి. పొద్దున ఉప్మాతో వెలిగించిన పొయ్యి రాత్రి చారు కాగితే గానీ ఆరదు. ఆ పొయ్యి మీదే ఆమె కొడుకు ఎల్లేష్ డిగ్రీ చదివాడు. చిక్కడపల్లి లైబ్రరీలో ఏళ్ళ తరబడి పోటీ పరీక్షలకు చదివి, చివరికి ప్రభుత్వాఫీసులో జూనియర్ అసిస్టెంట్ అయ్యాడు. మొదటి జీతం అందిన రోజు తల్లికి ఒక మాట ఇచ్చాడు.

"అమ్మా, ఆదివారం రాత్రి నువ్వు గరిటె ముట్టొద్దు. మంచి హోటల్ల కూసుందాం. ఎవరో వండాలె, నువ్వు తినాలె."

"చూద్దాం తీ" అంది మాసమ్మ. కానీ పెళ్ళిళ్ళకు కట్టే చీర శనివారమే బయటికి తీసింది.

ఏ హోటలన్నది ఎల్లేష్ చెల్లెలు అంబిక తేల్చింది. ఫోన్లో కొరియా సీరియళ్ళు చూసీ చూసీ ఆ పిల్ల మనసు వాళ్ళ తిండి మీద పడింది. "హిమాయత్‌నగర్‌ల కొత్తది పెట్టిండ్రు అన్నా. అమ్మకు మస్తు నచ్చుతది!"

లోపల చల్లగా, మెత్తటి కుర్చీలతో బాగానే ఉంది. మాసమ్మ చూపు మాత్రం బల్ల నడుమనే ఆగింది.

"గిదేంది బిడ్డా, పొయ్యి లెక్క ఉన్నది?"

"డిజైన్ అమ్మా" అన్నాడు ఎల్లేష్ ధీమాగా.

ముందు చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. మాసమ్మ ఎర్రటి క్యాబేజీ ముక్క ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "పులిసిపోయింది. మా హాస్టల్ల గిట్ల పెడితే పోరగాళ్ళు ధర్నాకు కూసుంటరు."

"గదట్లనే ఉంటదమ్మా" అంది అంబిక.

తర్వాత వెయిటర్ పళ్ళెం నిండా పచ్చి కోడిమాంసం తెచ్చాడు. బల్ల నడుమ ఉన్న డిజైన్ వెలిగించాడు. పట్టకారు తీసి, పెద్దావిడ అని కాబోలు, మర్యాదగా మాసమ్మ ముందే పెట్టాడు. "మీరే కాల్చుకోవాలి మేడమ్."



"మేమే వండుకోవాల్నా? మరి మీరేం జేస్తరు నాయనా?"

"ప్లేట్లు తెస్తం మేడమ్."

మాసమ్మ చెయ్యి అలవాటుగా పట్టకారు మీదికి పోయింది. ఎల్లేష్ గబుక్కున లాక్కున్నాడు. "ముట్టొద్దు! నేను మాటిచ్చిన." వెయిటర్ వైపు తిరిగి బతిమాలాడు. "అన్నా, జర నువ్వే కాల్చియ్యరాదే?"

"ఆదివారం అన్నా, రష్ ఉన్నది" అంటూ అతను వెళ్ళిపోయాడు.

తన చాయ్ కూడా తాను పెట్టుకోని మనిషి ఎల్లేష్. అతని చేతిలో ముక్కలు ఒకవైపు బొగ్గయ్యాయి, రెండోవైపు పచ్చిగానే ఉన్నాయి. వేలు చుర్రుమంది. మాసమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

"సీరియల్ల హీరో మంచిగ కాలుస్తడు" అని గొణిగింది అంబిక.

"హీరోకు వాళ్ళమ్మ నేర్పింది. వీనికి నేను నేర్పలె" అంది మాసమ్మ.

మాడింది పక్కకు తీసి, ఉడకనిది వదిలేసి, ముగ్గురూ సగం కడుపుతో బయటపడ్డారు. నారాయణగూడ చౌరస్తా దాకా నడిచారు. అక్కడ దోశల బండి కనబడగానే ఎల్లేష్ తల్లిని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇక్కడైనా వండేవాడు వేరే ఉన్నాడు.

మాసమ్మ కాసేపు పెనం వైపు చూసింది. తర్వాత ఆగలేకపోయింది.

"తమ్మీ, మంట జర తగ్గియ్యి. నీళ్ళు చల్లు. ఆఁ, గిప్పుడు తియ్యి."

బండి ఆయన అయోమయంగా చూశాడు.

"అమ్మా!" అన్నాడు ఎల్లేష్.

"గరిటె ముట్టిన్నా నేను? కూసున్న కాడికెల్లే చెప్తున్న. నోరు మూసుకొమ్మని మాటియ్యలె గద నువ్వు."

దోశ వచ్చింది. మాసమ్మ తుంచి తిని, ఇంకొకటి వెయ్యమని సైగ చేసింది. ఆ పూట ఆమె మొహం విప్పారడం అదే మొదలు.

"వచ్చే ఆదివారం గూడ గరిటె ముట్ట. ఇంట్లనే కూసుంట. నువ్వు వండు, నేను గిట్లనే చెప్త."

ఎల్లేష్ కాలిన వేలు ఊదుకుంటూ తలూపాడు.