ఐదయింది, లే

మొగుడు ఒప్పుకున్న ఉపన్యాసం పెళ్లాం ఇవ్వాల్సి వస్తే అదే పెద్ద నగుబాటు. ఆ ఉపన్యాసం పేరు “రాసినవాడు పోతే రాత గతేమిటి?” అయితే ఇక చెప్పేదేముంది! వెండెల్ వసంతకాలంలో ఆ పేరు రాసి పంపాడు. నిర్వాహకులు భేష్ అన్నారు. ఆగస్టులో వెండెల్ పోయాడు. అక్టోబరులో ఒక శనివారం, అయోవాలోని డె మోయిన్ కమ్యూనిటీ కాలేజీలో, వెబ్‌సైట్లు కట్టేవాళ్ల సభలో, మెడలో “వక్త” అన్న కార్డు వేలాడేసుకుని కొరీన్ నిలబడింది.

ఆమెకు ఇంతవరకూ ఏడుపు రాలేదు. అంత్యక్రియల్లో రాలేదు, బట్టలు సర్ది పంపేసినప్పుడూ రాలేదు. “నీది గుండేనా, బండరాయా?” అంది సొంత చెల్లెలు. రాయే కాబోలు అనుకుంది కొరీన్. మత్తుసూది పొడిచి పన్ను పీకినట్టుంది ఆమెకు. పన్ను పోయిందని నాలుకకు తెలుస్తూనే ఉంది, నొప్పి మాత్రం లేదు.

వెండెల్ వెబ్‌సైట్లకు తగిలించుకునే క్యాలెండర్ ఒకటి రాశాడు. ఆ లోకంలో దాన్ని ప్లగిన్ అంటారు. పైసా పుచ్చుకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఊళ్లలో లైబ్రరీలు, చర్చిలు, అగ్నిమాపక దళాలు వేలకొద్దీ పెట్టుకున్నాయి. కోడ్ అతను రాసేవాడు, వాడేవాళ్ల సందేహాలకు ఫోరంలో జవాబులు కొరీన్ ఇచ్చేది. ఇప్పుడు దాని తాళం, అంటే పాస్‌వర్డు, ఆమె చేతికి వచ్చింది. వచ్చిన వేళావిశేషం ఏమిటో గానీ, అందులో దొంగలు దూరేంత కంత ఒకటి బయటపడింది. సోమవారం లోపు పూడ్చకపోతే తీసి పక్కన పడేస్తామన్నారు ప్లగిన్ల జాబితా నడిపే పైవాళ్లు. కంత పూడ్చే విద్య కొరీన్‌కు రాదు. ఇవాళ ఇక్కడ ఎవరో ఒకరు ఆ ప్లగిన్‌ను దత్తత తీసుకోవాలి. లేదంటే వెండెల్ పన్నెండేళ్ల కష్టం గంగపాలే.

“ముందు వరసలో ఆ బట్టతల చూశావా?” అంటూ చెవిలో గొణిగింది బెర్నడెట్. ఈ సభలు నడిపేది ఆమే, కొరీన్‌కు పాత స్నేహితురాలు. “ఒంటి చుక్క టటిల్! ఓరెగాన్ నుంచి ఊడిపడ్డాడు.”

ఆంబ్రోస్ టటిల్‌ను ఎరగనిదెవరు? ప్లగిన్‌కు అందరూ ఐదేసి చుక్కలు వేస్తే, ఆయన ఏటా వచ్చి ఒక్క చుక్క వేసిపోతాడు. క్యాలెండర్ బంగారమే అంటాడు. ఆయన మంటంతా ఒక్క వాక్యం మీద. రోజూ సాయంత్రం, వెబ్‌సైటు నడిపేవాళ్ల తెర మీద “ఐదయింది, లే” అని ఒక ముక్క మెరుస్తుంది. వెండెల్ చిలిపితనం. అయితే అది అయోవా గడియారం ప్రకారం వస్తుంది, ఓరెగాన్‌లో అప్పటికి ఇంకా మూడే. “టైము చూడటం రాని క్యాలెండర్ ఎవడికి కావాలయ్యా!” అని టటిల్ ఫిర్యాదు పెట్టడం, “ఇది తప్పు కాదు, కావాలనే” అని వెండెల్ దాన్ని మూసెయ్యడం, ఏళ్ల తరబడి ఇదే తంతు.

“వెండెల్ ఉంటే ఆయనకు కాఫీ పోసేవాడు, నెత్తిమీద,” అంది కొరీన్. బెర్నడెట్ పకపకా నవ్వింది. కొరీన్ నవ్వలేదు.

భోజనాలయ్యాక ఆమె వంతు వచ్చింది. వెండెల్ చేసిపెట్టిన స్లైడ్లు ఒక్కొక్కటే తిప్పుతూ చదివింది. ఈ పనివాళ్లలో ఒక మోటు లెక్క ఉంది: ఎంతమంది బస్సు కింద పడితే ప్రాజెక్టు ఆగిపోతుంది? “మా దాంట్లో ఒక్కడే. బస్సు కూడా అక్కర్లేకపోయింది,” అంది. ఎవరూ నవ్వలేదు. దత్తతకు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. అందరూ బూట్లు చూసుకున్నారు. ఉచితంగా వాడుకోవడానికి వేలమంది, మొయ్యమనేసరికి ఒక్కడూ లేడు. లోకం తీరే అంత.

టటిల్ లేచి మైకు అందుకున్నాడు. “నాది ప్రశ్న కాదు, చిన్న అభిప్రాయం...”

“అయిపోయాం రా బాబూ!” అన్నారెవరో వెనక నుంచి. ఏ సభకు వెళ్లినా ఆ మాటతో లేచేవాడు ఒకడుంటాడు, వాడు ఓ పట్టాన కూర్చోడు.

“సరే, ప్రశ్నే అడుగుతా. ఆ ఐదు గంటల వాక్యాన్ని ఆయన ఎందుకు సరిచెయ్యలేదమ్మా? పది నిమిషాల పని!”

“అది నా మాట,” అంది కొరీన్. “రోజూ సాయంత్రం ఐదింటికి, భోజనానికి లేవమని వంటింట్లోంచి కేకేసేదాన్ని. కేకేసే మనిషి అయోవాలో ఉంటే గడియారం ఓరెగాన్‌లో ఎందుకుంటుంది?”

హాలంతా నవ్వింది. టటిల్ కూడా గడ్డం గోక్కుంటూ నవ్వాడు.

“ఆగస్టులో ఒకరోజు అలాగే కేకేశాను. లేవలేదు,” అంది ఆమె అదే గొంతుతో. “మళ్లీ కేకేశాను. కూర చల్లారిపోతోంది, చెవుడా అని తిట్టాను కూడా. కుర్చీలోనే ఉన్నాడు. అప్పటికే...” స్లైడు తిప్పింది, అదే ఆఖరిది. “ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?”

టటిల్ మైకు పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఆ తర్వాత అందరూ బల్లల చుట్టూ చేరి కలిసి పనిచేసే వేళ. తప్పులు దిద్దేవాళ్లు దిద్దుతారు, చేతకానివాళ్లు బిస్కెట్లు తింటారు. కొరీన్ మూలబల్ల దగ్గర ఒంటరిగా కూర్చుంది. టటిల్ వచ్చి, ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి, “తాళం ఇవ్వండి,” అన్నాడు.

“మీకా?”

“ఏం, ఒంటి చుక్క వాడు పనికిరాడా? ఆ కోడ్‌ను నా అంత తిట్టుకుంటూ చదివినవాడు ఇంకొకడు లేడు. మా ఊరి లైబ్రరీ సైటు చూసేది నేనే, అది దీని మీదే నడుస్తోందమ్మా.”

ఇచ్చింది. ఆయన గొణుక్కుంటూ, వెండెల్‌ను మధ్యమధ్య శాపనార్థాలు పెడుతూ, కంత పూడ్చాడు. పక్క బల్ల వాళ్ల చేత సరిచూపించుకుని కొత్త కూర్పు లోకం మీదికి వదిలాడు. క్యాలెండర్ బతికింది. కొరీన్‌కు సంతోషం రావాలి. రాలేదు.

“ఆ వాక్యం కూడా పీకెయ్యండి,” అంది.

“అదేమిటి?”

“మీరు కోరిందేగా! పొద్దున లేస్తే అదే భయం నాకు. రోజూ ఐదింటికి అన్ని తెరల మీదా నేనే కేకేస్తుంటాను. లేవాల్సినవాడు లేవడు.”

టటిల్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. కోడ్‌లో ఆ వాక్యం దగ్గర కర్సర్ ముల్లు ఆడుతోంది.

“ఒక్క వరుస. కావాలంటే మీరే కొట్టెయ్యండి. ఇన్నేళ్లు దాంతో కొట్లాడినవాణ్ణి, నా చేతులు రావడం లేదు.”

కొరీన్ మీట మీద వేలు పెట్టింది. వేలికి కూడా ఏమీ తెలియడం లేదు. నొక్కితే పోతుంది, అంతే.

అప్పుడే ఆ కోడ్ పక్కన తెరిచి ఉన్న లైబ్రరీ పేజీ మీద వాక్యం మెరిసింది. ఓరెగాన్ టైములోనే ఉన్న ఆయన ల్యాప్‌టాప్ మూల గడియారం మూడు చూపిస్తోంది.

ఐదయింది, లే.

టటిల్ దాన్ని చూశాడు. తిట్టలేదు. బల్లకు రెండు చేతులూ ఆనించి, మోకాళ్లు పటపటమంటుంటే, మెల్లిగా పైకి లేచాడు.

“లేచానమ్మా,” అన్నాడు.

కొరీన్ తలెత్తి చూసింది. తన మాటకు ఒక మగమనిషి లేచి నిలబడి ఉన్నాడు. ఆ కేక వెనకాల రోజూ ఇంకో మాట వచ్చేది. ఆగస్టు నుంచి అది గొంతులోనే ఇరుక్కుని ఉంది.

“చేతులు కడుక్కుని రా,” అంది, మీట మీది వేలు తీసేసి. అని, బల్ల మీద తల ఆనించి, అందరూ తిరిగి చూసేలా బావురుమంది.